దిద్దుబాటు జాడలు: ఘంటం నుంచి కంట్రోల్-జెడ్ దాకా

వ్యాససంగ్రహం

కంప్యూటరులో జరిగిన పొరపాటును కంట్రోల్, జెడ్ మీటలను కలిపి నొక్కి వెనుకకు తీసుకోవడం నేడు అందరికీ అలవాటైన పని. ఈ సౌకర్యం ఎప్పుడు, ఏ అవసరం వల్ల పుట్టింది? తెలుగు లిపిలో అది ఎలా పనిచేస్తుంది? పాఠచరిత్రపై దాని ప్రభావం ఏమిటి? ఈ ప్రశ్నలను నెల్లూరు సీమ లేఖన సంప్రదాయం నేపథ్యంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. దిద్దుబాటు పద్ధతి మారినప్పుడు, తరువాతి తరాలకు అందే ఆధారాల స్వభావం కూడా మారుతుందన్నది ఇందలి ప్రతిపాదన.

కీలకపదాలు: దిద్దుబాటు, అన్‌డూ, హంసపాదు, పాఠపరిష్కరణ, యూనికోడ్, ముత్తుకూరు.

1. ఉపోద్ఘాతం

వ్రాత ఉన్నచోట తప్పు ఉంటుంది. తప్పును ఎలా దిద్దారన్నది ఆ కాలపు వ్రాత సాధనాన్ని బట్టి ఉంటుంది. నెల్లూరు తీరంలోని ముత్తుకూరు ప్రాంతం ఈ పరిశీలనకు అనువైనది. చుట్టూ ఉన్నది శాసనాలకు, తిక్కన భారతానికి నెలవైన సీమ. మండలంలో కృష్ణపట్నం ఓడరేవు ఉంది. 1991లో ఏర్పడిన మత్స్యశాస్త్ర కళాశాల ముత్తుకూరులోనే ఉంది. అందువల్ల రాతి మీది అక్షరం, తాటాకు, దస్తావేజు, ఓడరేవు లెక్క, పరిశోధన గ్రంథం అనే భిన్న లేఖనాలను ఒకే సీమను ఆధారం చేసుకొని పోల్చవచ్చు.

2. నిలిచిపోయిన తప్పులు

అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాలచెట్టి సంకలనం చేసిన నెల్లూరు జిల్లా శాసనాలు 1905లో మూడు సంపుటాలుగా వెలువడ్డాయి. శాసనాలను చదివేవారికి చెక్కినవాని పొరపాటు కూడా ఒక ఆధారమే. జారిన అక్షరం, తప్పిన ఒత్తు నాటి ఉచ్చారణను, లేఖకుని అక్షరజ్ఞానాన్ని తెలుపుతాయి. రాతిపై దిద్దుబాటు కష్టం కనుకనే ఆ సాక్ష్యం మిగిలింది.

తాటాకు మీద ఘంటంతో గీసిన గీత కూడా చెరగదు. లేఖకుడు తప్పు అక్షరాన్ని కొట్టివేసేవాడు. విడిచిన అక్షరాన్ని హంసపాదు పెట్టి పైనో పక్కనో చేర్చేవాడు. సి.పి. బ్రౌన్ పండితుల చేత ప్రతులను పోల్చి చూపించి, శుద్ధ ప్రతులు వ్రాయించినప్పుడు వారికి ఉపకరించినవి ఇటువంటి జాడలే. పాఠాంతరం అనే భావనకే మూలం చెరగని తప్పు.

నోటి మాట విషయంలోనూ నెల్లూరుకు ఒక ఐతిహ్యం ఉంది. భారతాన్ని తడుముకోకుండా చెప్పాలని తిక్కనకు, ఆగకుండా వ్రాయాలని గురునాథునికి నియమమట. ఒకచోట కవికి మాట తోచక లేఖకుని పేరు పెట్టి పిలిచాడనీ, ఆ పిలుపే ధృతరాష్ట్రునికి సంబోధనగా మారి పద్యంలో ఇమిడిపోయిందనీ కథ. దీనిని చారిత్రక సత్యంగా తీసుకోనక్కరలేదు. అయితే వెనుకకు తీసుకోలేని మాటను అర్థవంతం చేసుకోవడమే ప్రతిభ అని భావించిన ఒక లేఖన సంస్కృతిని ఈ కథ చూపుతుంది.

ఆధునిక చట్టం కూడా ఈ దారినే నడిచింది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం, దస్తావేజులో కొట్టివేతలు, చెరిపివేతలు, వరుసల మధ్య చేర్పులు ఉంటే వ్రాసి ఇచ్చినవారు వాటిని సంతకంతోనో పొడి అక్షరాలతోనో ధ్రువీకరించాలి. లేకుంటే రిజిస్ట్రారు ఆ దస్తావేజును తిరస్కరించవచ్చు. ఇక్కడ దిద్దడం నేరం కాదు. జాడ లేకుండా దిద్దడమే అనుమానాస్పదం.

3. వెనుకకు తీసుకొనే మీట

కంప్యూటరులో ఈ క్రమం తలకిందులైంది. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో 1968లో రూపొందిన ఫ్రెస్ అనే పాఠ సంపాదన వ్యవస్థలో చేసిన మార్పును వెనుకకు తీసుకొనే ఏర్పాటు ఉంది. 1970ల ఆరంభంలో వారెన్ టైటెల్‌మన్ లిస్ప్ భాషలో పనిచేసే ప్రోగ్రామర్ల కోసం అటువంటి ఆదేశాన్ని సమకూర్చాడు. 1974లో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో తయారైన బ్రావో అనే ఎడిటర్‌లోనూ అది ఉంది. 1976లో ఐబీఎం పరిశోధకులు లాన్స్ మిల్లర్, జాన్ థామస్ తమ నివేదికలో, కనీసం చివరి ఆదేశాన్నైనా వెనుకకు తీసుకొనే వీలు వాడుకరికి ఉండడం మేలని సూచించారు. వీరందరి ఆలోచన ఒకటే: తప్పు చేస్తానన్న భయం పోతేనే మనిషి యంత్రంతో ధైర్యంగా ప్రయోగాలు చేస్తాడు.

జెడ్ అక్షరానికి ఈ పని అప్పగించినది లారీ టెస్లర్. 1983లో వెలువడిన ఆపిల్ లీసా కంప్యూటరులో జెడ్, ఎక్స్, సి, వి మీటలకు వరుసగా రద్దు, కత్తిరింపు, నకలు, అతికింపు పనులు ఏర్పడ్డాయి. నాలుగు మీటలూ కింది వరుసలో పక్కపక్కన ఉండడం ఒక కారణం. వాటి ఆకారాలకూ టెస్లర్ తరువాతి కాలంలో వివరణ ఇచ్చాడు. ఎక్స్ కొట్టివేత గుర్తు. వి ఆకారం చేర్పును సూచించే గుర్తును తలకిందులు చేసినట్లుంటుంది. ఆ చేర్పు గుర్తు చేసే పని మన హంసపాదు చేసే పనే. అంటే కాగితం మీద తప్పుకు సాక్షిగా నిలిచిన గుర్తు, మీట మీదికి ఎక్కాక జాడ మిగల్చని ఆదేశమైంది.

విండోస్ తొలి రూపాలలో ఈ పనికి ఆల్ట్, బ్యాక్‌స్పేస్ మీటలు ఉండేవి. 1990ల ఆరంభంలో కంట్రోల్-జెడ్ వచ్చింది. తొలుత ఒక్క అడుగే వెనుకకు వెళ్లగలిగేవారు. 1993 నాటి వర్డ్ 6తో అనేక అడుగులు సాధ్యమయ్యాయి.

దీని లోపలి పనితీరు సరళమైనదే. చేసిన ప్రతి పనీ ఒకదానిపై ఒకటిగా దొంతరలో చేరుతుంది. కంట్రోల్-జెడ్ పైదాన్ని తీస్తుంది, కంట్రోల్-వై తిరిగి పెడుతుంది. కాని పది అడుగులు వెనుకకు వెళ్లి ఒక్క కొత్త అక్షరం కొడితే, సాధారణ ఎడిటర్లలో ఆ పది అడుగులూ శాశ్వతంగా పోతాయి. ఫైలు మూసినా చాలావరకు అంతే. పాఠాంతరం పుట్టి, ఎవరికీ కనబడకుండా నశిస్తుంది.

4. తెలుగు అక్షరం, యంత్రపు అక్షరం

తెలుగులో మరొక చిక్కు ఉంది. ‘స్త్రీ’ మనకు ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాల వరుస. సాధారణంగా విండోస్‌లో బ్యాక్‌స్పేస్ నొక్కితే చివరి గుడిదీర్ఘం మాత్రమే పోయి ‘స్త్ర’ మిగులుతుంది. అక్షరానికి ముందు కర్సర్ ఉంచి డిలీట్ నొక్కితే మొత్తం పోతుంది. కంట్రోల్-జెడ్ ఈ రెండు కొలతలనూ అనుసరించక, ఒక విడతలో కొట్టిన పాఠాన్నంతా ఒక పనిగా లెక్కించి తీసివేయవచ్చు. లిపి దృష్టిలో తప్పు ఒక గుణింతానిది. యంత్రం దృష్టిలో అది ఒక వాక్యానిదీ కావచ్చు.

యూనికోడ్ వాడుక విస్తరించక ముందు తెలుగు డీటీపీ కేంద్రాలలో అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కలిసి రాజ్యమేలాయి. అక్కడ ఒత్తు, తలకట్టు విడివిడి ముక్కలు. పేజ్‌మేకర్‌లో వెనుకకు వెళ్లగలిగినది ఒక్క అడుగే. అయితే ఆ దశలో ప్రూఫు కాగితం మధ్యవర్తిగా ఉండేది. ప్రూఫురీడరు ఎర్ర సిరాతో పెట్టిన గుర్తులు రచయిత పాఠానికీ అచ్చుపాఠానికీ మధ్య సాక్ష్యంగా మిగిలేవి. తెర మీదనే దిద్దడం మొదలయ్యాక ఆ సాక్షి తొలగిపోయాడు.

5. జాడ నిలిపే రద్దు

ఈ నష్టాన్ని గుర్తించిన ఏర్పాట్లూ ఉన్నాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ప్రతి పుటకూ చరిత్ర ఉంటుంది. ముత్తుకూరు పుటలో ఎవరైనా తప్పు చేర్చితే మరొకరు దానిని రద్దు చేయవచ్చు. అయితే ఆ రద్దు కూడా కొత్త దిద్దుబాటుగానే నమోదవుతుంది. తప్పు, దానిని తొలగించిన చర్య, రెండూ నిలుస్తాయి. పద్ధతిలో ఇది కంట్రోల్-జెడ్ కంటే తాటాకు కొట్టివేతకే దగ్గర.

లెక్కల విషయంలో చట్టమే జోక్యం చేసుకొంది. కంపెనీల ఖాతాల నిబంధనల ప్రకారం 2023 ఏప్రిల్ 1 నుంచి, ఖాతాలను కంప్యూటరులో నిర్వహించే కంపెనీల సాఫ్ట్‌వేరు ప్రతి మార్పునూ తేదీతో నమోదు చేయాలి. ఆ నమోదును నిలిపివేసే వీలు ఉండరాదు. ఓడరేవులో సరుకు ఎగుమతి చేసే కంపెనీకైనా, ఊరిలోని చిన్న కంపెనీకైనా ఇది వర్తిస్తుంది. ప్రయోగశాల పుస్తకంలోనూ తప్పు అంకెను కనబడేటట్లు ఒక గీతతో కొట్టి పక్కన సంతకం చేయడం సదాచారం. చెరువు నీటిలోని ఆమ్లజని కొలతను కాగితంపై అలా దిద్దిన పరిశోధకుడే, ఎక్సెల్ గడిలో పాత అంకెను జాడ లేకుండా మార్చగలడు. ఒకే తప్పుకు రెండు సాధనాలలో రెండు నీతులు ఏర్పడ్డాయి.

6. ముగింపు

పై పరిశీలనను బట్టి దిద్దుబాటులో మూడు దశలు కనిపిస్తున్నాయి: తప్పు తప్పనిసరిగా నిలిచిన దశ, తప్పు మాయమైన దశ, తప్పును ఎంచి నిలుపుకొనే దశ. మొదటి దశలో సాక్ష్యం సాధనపు పరిమితి వల్ల దానంతట అది మిగిలింది. ఇప్పుడు అది మన నిర్ణయం వల్ల మాత్రమే మిగులుతుంది. కంట్రోల్-జెడ్ రచనకు ఇచ్చిన స్వేచ్ఛ గొప్పది. దానిని వదులుకోవలసిన పని లేదు. కాని నేటి కవి, కథకుడు, పరిశోధకుడు తమ చిత్తుప్రతులను తేదీలవారీగా విడి ఫైళ్లుగా భద్రపరచకపోతే, రేపటి పాఠపరిష్కర్తకు పోల్చడానికి రెండవ ప్రతి ఉండదు. పర్యవేక్షకులు మార్పుల నమోదును తెరచి ఉంచి సిద్ధాంత గ్రంథాలను దిద్దడం, విశ్వవిద్యాలయాలు తుదిప్రతితో పాటు కొన్ని దశల ప్రతులను కూడా స్వీకరించడం ఇందుకు తొలి అడుగులు కాగలవు.