నిధులు పైనుంచి, నిర్ణయం గూడెం నుంచి

హాస్టల్లో కొత్తగా చేరే పిల్లలను నేను ఏటా ఒకే ప్రశ్న అడుగుతాను: "మీ ఊళ్లో గ్రామసభ చివరిసారి ఎప్పుడు జరిగింది?" చాలామంది తల దించుకుంటారు. ఐటీడీఏ పేరు మాత్రం అందరికీ తెలుసు. చదువు కోసం గూడెం విడిచి ఎర్రగడ్డలో గదులు తీసుకుని ఉంటున్న మీరు కూడా ఈ చరిత్ర తెలుసుకోవాలి.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యారు. ఆ పోరాటం తర్వాతే నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు తెలుసుకోమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో మనవాళ్ల మధ్యే ఉండి, వాళ్ల మాట విన్నారు. గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ, సాగు భూములకు పట్టాలు అలా మొదలయ్యాయి. ప్రాణాలు పోయాక గానీ పాలకులు మన మాట వినలేదన్నది మరవకూడదు.

స్వాతంత్య్రం వచ్చాక రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు మన ప్రాంతాలకు రక్షణ ఇచ్చింది. గిరిజన సంక్షేమానికి కేంద్రం రాష్ట్రాలకు గ్రాంట్లు ఇవ్వాలని 275(1) అధికరణం చెప్పింది. అయితే ఏ పనికి ఎంత ఖర్చు పెట్టాలో పైవాళ్లే తేల్చేవారు. ప్రత్యేక గిరిజన బ్లాకుల పనితీరును పరిశీలించిన వెరియర్ ఎల్విన్ కమిటీ, పథకం ఆ ప్రాంతానికి తగ్గట్టు ఉండాలని 1960లోనే చెప్పింది.

ఐదో పంచవర్ష ప్రణాళికలో, 1974-75 నుంచి, గిరిజన ఉపప్రణాళిక వచ్చింది. రాష్ట్రం తన ప్రణాళిక నిధుల్లో మన జనాభాకు తగిన వాటా కేటాయించాల్సి ఉండేది. కేంద్రం దానికి ప్రత్యేక సహాయం జోడించాల్సి ఉండేది. ఆ పనులన్నీ ఒకచోట సమన్వయం చేయడానికే ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం వంటి చోట్ల ఐటీడీఏలు ఏర్పడ్డాయి. కాగితం మీది వాటా ఖర్చు కాకుండా మిగిలిపోతోందని, వేరే పనులకు మళ్లుతోందని ఉద్యమాలు జరిగాయి. ఫలితంగా ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఉపప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం దాని స్థానంలోకి వచ్చింది.

ఢిల్లీకి, హైదరాబాద్‌కు మధ్య ఒప్పందం ఇలా కుదిరింది. మూడో గొంతు మనది. 1996 నాటి పెసా చట్టం దానికి చోటిచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో పంచాయతీ ఏ అభివృద్ధి పని మొదలుపెట్టాలన్నా ముందు గ్రామసభ ఆమోదించాలి. లబ్ధిదారులను గుర్తించేదీ గ్రామసభే. ఖర్చు చేసిన నిధులకు వినియోగ ధ్రువపత్రం కూడా పంచాయతీ గ్రామసభ నుంచే తీసుకోవాలి.

బోరు ముందా, రోడ్డు ముందా, బడికి గోడ ముందా అన్నది అక్కడే తేలాలి. సభకు మనం వెళ్లకపోతే ఆ నిర్ణయం ఇంకెవరో చేస్తారు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈసారి పండక్కి ఊరెళ్లినప్పుడు గ్రామసభ తీర్మానాల పుస్తకం చూపించమని అడగండి. అందులో ఏం రాశారో అమ్మానాన్నలకు చదివి వినిపించండి. మీ చదువు ఊరికి ఉపయోగపడటం అక్కడే మొదలవుతుంది.