తొట్టి సగం, మట్టి సగం

వెంకటగిరికోట వైపు బోరు వేయించిన వాళ్ళెవరినడిగినా చెప్తారు: పైన ఎర్రమట్టి, కింద రాయి. ఆ రాతి పగుళ్ళలోంచే నీళ్ళు రావాలి. ఇంటి సెప్టిక్ ట్యాంకులోంచి ఇంకుడు గుంటకి పోయే నీళ్ళూ ఆ నేలలోకే దిగుతాయి. రెంటికీ మధ్య కాపలా మట్టి ఒక్కటే. ఆ కాపలా గుట్టు తెలిసి సుమారు నూటయాభై ఏళ్ళే అయింది.

ముందు ట్యాంకు సంగతి. ఫ్రాన్సులో వెసూల్ ఊరివాడు జాన్ లూయీ మురాస్, గాలి చొరని తొట్టిలో మలం చాలావరకు దానంతటదే కరిగిపోతుందని గమనించి, 1881లో పేటెంటు తీసుకున్నాడు. 1890ల నడుమ ఇంగ్లండులోని ఎక్సెటర్ నగర సర్వేయర్ డోనాల్డ్ కామెరాన్ ఇలాంటి తొట్టికే సెప్టిక్ ట్యాంక్ అని పేరు పెట్టాడు. అంటే కుళ్ళబెట్టే తొట్టి. పేరులోనే ఉంది చూడండి, అది కుళ్ళబెడుతుందే తప్ప శుభ్రం చెయ్యదు. మడ్డి అడుక్కి దిగుతుంది, తెట్టు పైకి తేలుతుంది. నడుమనించి బయటికొచ్చే నీళ్ళలో రోగక్రిములు, అమ్మోనియా ఉండనే ఉంటాయి.

మిగతా సగం పని మట్టిది. మురుగుని మట్టిలోంచి వడకట్టి చూసిన ఎడ్వర్డ్ ఫ్రాంక్‌లాండ్ 1870 నాటికే ఒకటి తేల్చాడు: ఆపకుండా పోస్తే మట్టి పూడుకుపోతుంది, మధ్యమధ్య ఆరనిస్తే గాలి పీల్చుకుని మళ్ళీ పనిచేస్తుంది. ఎందుకలా? 1877లో ష్లోసింగ్, మ్యూన్స్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టంలోంచి మురుగునీళ్ళు వదిలారు. మొదటి ఇరవై రోజులూ అమ్మోనియా ఎలా వెళ్ళింది అలాగే బయటికొచ్చింది. తర్వాత నైట్రేటుగా మారడం మొదలైంది. క్లోరోఫాం ఆవిరి పట్టిస్తే ఆ పని ఆగిపోయింది. మట్టి కడిగిన నీళ్ళు పోస్తే మళ్ళీ మొదలైంది. అంటే మట్టి ఉత్త జల్లెడ కాదు, అందులో పనిచేసే ప్రాణులున్నాయి!

ఆ ప్రాణులకి గాలీ సమయమూ కావాలి. అందుకే మన భారతీయ ప్రమాణాల్లో ఇంకుడు గుంటకీ తాగునీటి బావికీ కనీసం 18 మీటర్ల ఎడం ఉండాలన్నారు. నేల ఎంత వేగంగా పీలుస్తుందో ముందు చూసుకోమన్నారు. మరి మనం? ట్యాంకు కట్టి, పైపు వీధి కాలవలోకి వదిలి, చేతులు దులుపుకుంటాం. నిండాక దించడానికి ఇంకో మనిషి ఉన్నాడుగా. ఆ దించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టమొచ్చినా, విషవాయువులకి ప్రాణాలు పోతూనే ఉన్నాయి.

మట్టికి సమయమిస్తే ఏమవుతుందో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో కనిపించింది. అక్కడివి ట్యాంకులు కావు, జంట గుంటల మరుగుదొడ్లు. ఒకటి నిండితే మూసేసి రెండోది వాడతారు. నీరు నేలలోకి ఇంకిపోతుంది, మలం మెల్లగా ఎరువవుతుంది. 2017 ఫిబ్రవరిలో కేంద్ర పారిశుధ్య కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ అలా మూసిపెట్టిన గుంటలోకి దిగి, ఆ ఎరువుని చేత్తో ఎత్తి తీశారు.

అయితే వెంకటగిరికోటలాంటి రాతినేలలో ఇంకో జాగ్రత్త కావాలి. రాయి వడకట్టదు. దాని పగుళ్ళు నీళ్ళని ఎలా ఉన్నవాటిని అలా కిందికి జారవిడుస్తాయి. ఇక్కడ గుంటని రాయి తగిలేదాకా లోతుగా తవ్వడం కన్నా, పైమట్టిలోనే కంకర కాలవలు వేసి, నీళ్ళని వెడల్పుగా పరచడం మేలు. మట్టి నైట్రేటుని పూర్తిగా ఆపలేదు కాబట్టి, బోరుకి ఎంత దూరమైతే అంత మంచిది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీని ట్యాంకు ఎన్ని అడుగులని అడుగుతాం కదా. అందులోంచి వచ్చే నీళ్ళు ఎటు పోతాయని కూడా అడగాలి.