విలోమ పఠనంలో విభక్తి ప్రత్యయం: కళాపూర్ణోదయంలోని ఒక కందంపై గణితదృష్టి

పింగళి సూరన కళాపూర్ణోదయంలో మొదటి నుంచి చదివితే తెలుగుగాను, చివరి నుంచి చదివితే సంస్కృతంగాను అన్వయించే కందపద్యం ఒకటుంది. తెలుగు సాహిత్య విద్యార్థులలో దాన్ని వినని వారు అరుదు. అవధాన సభల్లో, చాటువుల ముచ్చట్లలో అది తరచు వినిపిస్తుంది. అయితే ప్రశంసించినంతగా దాన్ని ఎవరూ పరిశీలించలేదనిపిస్తుంది. చిత్రకావ్యాన్ని మమ్మటుడు అవరకావ్యమన్నాడు. ఆ తీర్పు మన విమర్శలో గట్టిగా పాతుకుపోయింది. కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’ సూరనను చర్చకు కేంద్రం చేసినా, ఆ గ్రంథం ప్రధానంగా చూసింది కల్పనను, కథాసంవిధానాన్ని, పాత్రపోషణను. ఈ కందం ‘గారడి’ అన్న మాట కిందనే ఉండిపోయింది. అది గారడి కాదనీ, తెలుగు ప్రత్యయాల స్వభావం, ద్రుతం నడక, కందం గణవ్యవస్థ – ఈ మూడింటినీ ఒకేసారి లెక్కలోకి తీసుకొన్న రచన అనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు ఆధునిక బీజగణితంలోని ఒక భావన ఉపకరిస్తుంది.

గణితజ్ఞులు ‘ఇన్వల్యూషన్’ అనే క్రియకు రెండు లక్షణాలు చెబుతారు. ఒకటి: దాన్ని రెండుసార్లు చేస్తే వస్తువు మొదటి రూపానికే వస్తుంది. రెండు: రెండు వస్తువుల గుణలబ్ధంపై దాన్ని ప్రయోగిస్తే వాటి క్రమం తిరగబడుతుంది. మాత్రికల అడ్డువరుసలను నిలువువరుసలుగా మార్చడం దీనికి పరిచితమైన ఉదాహరణ. ఇటువంటి క్రియతో కూడిన బీజగణితాలకు ఎ. ఎ. ఆల్బర్ట్ 1939 నాటి గ్రంథంలోను, గెల్‌ఫాండ్, నైమార్క్‌ల 1943 నాటి వ్యాసంలోను ప్రధాన స్థానం దొరికింది. మన పాఠ్యపుస్తకాల్లో ‘విలోమ ప్రమేయం’, ‘విలోమ మాత్రిక’ వేరొక అర్థంలో స్థిరపడ్డాయి కాబట్టి ఈ వ్యాసంలో ఇన్వల్యూషన్‌ను ‘ప్రతిలోమనం’ అంటున్నాను. చివరి ‘అన’ ప్రత్యయం క్రియాసూచకం. ‘ప్రతిలోమత’ అంటే గుణమవుతుంది, క్రియ కాదు. ఆంగ్లంలో ‘షన్’ చేసే పనే ఇక్కడ ‘అన’ చేస్తోంది.

అక్షరాల వరుసలను ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే గుణకారం అనుకొంటే, వరుసను వెనుక నుంచి చదవడం ప్రతిలోమనం. ఆ వరుసలను సంఖ్యాగుణకాలతో కూడుకొనే వీలు కల్పిస్తే ఏర్పడేది ప్రతిలోమనం గల బీజగణితమే. అయితే మూలకం ఏది? ఇక్కడే భాష, లిపి ప్రమేయం వస్తుంది. సికిందరాబాదు తిరుమలగిరి పేరునే తీసుకొందాం. అక్షరాలను తిప్పితే ‘రిగిలమరుతి’. వర్ణాలను తిప్పితే ‘ఇరిగలమురిత్’. రెండూ ప్రతిలోమనాలే, ఫలితాలు మాత్రం వేరు. మన చిత్రకవులు ఎన్నుకొన్నది మొదటిదాన్ని. హల్లు, దానిపై అచ్చు కలిసి ఒకే అభేద్య మూలకం. (ఈ పేరులో ‘మల’, ‘గిరి’ రెండూ కొండలే, పైగా జంటనగరాల వ్యవహారంలో ‘దాదాగిరి’ వంటి మాటల వల్ల పారసీక ‘గిరి’ ప్రత్యయం కూడా చెవిలో మెదులుతుంది. ఒకే ధ్వనిరూపం ఒకచోట నామం, మరొకచోట ప్రత్యయం కాగలగడం ఈ చర్చకు అవసరమైన విషయమే.)

ప్రతిలోమనం రెండో లక్షణాన్ని వ్యాకరణానికి అన్వయిస్తే ఒక నియమం వెంటనే తేలుతుంది. ప్రకృతి ముందు, ప్రత్యయం వెనుక ఉన్న పదాన్ని తిప్పితే ప్రత్యయం ముందుకు వస్తుంది. ‘వికటకవి’ ఎటు చదివినా ఒక్కటే. దానికి ‘ని’ చేర్చగానే ఆ సమత చెడుతుంది. ‘కిటికి’కి ‘కి’ చేర్చినా అంతే. మనవారు ఎటు చదివినా ఒకటిగా ఉండే మాటలకు ఉదాహరణలిచ్చేటప్పుడు విభక్తి లేని రూపాలనే ఎందుకు ఇస్తారో దీనివల్ల తెలుస్తుంది. తెలుగు ప్రత్యయప్రధాన భాష. కాల్డ్వెల్ 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం ప్రచురించిన నాటి నుంచి పండితులు ఈ లక్షణాన్ని గుర్తిస్తూనే ఉన్నారు. పదానికి ముందు చేరే వ్యాకరణాంశాలు దేశ్య భాగంలో దాదాపు శూన్యం. అందువల్ల సవిభక్తికమైన తెలుగు వాక్యాన్ని తిప్పి మళ్లీ తెలుగు వాక్యాన్నే రాబట్టడం అతి కష్టం. తిప్పిన రూపాన్ని మోయడానికి ఉపసర్గలు, పదాదిన నిలిచే చిన్న అవ్యయాలు ఉన్న భాష అనుకూలం. సంస్కృతం అటువంటిది.

ప్రత్యయం స్థానం మారితే ఏమవుతుందో చూపే పాత ఉదాహరణ లాటిన్‌లో ఉంది. క్రీ. శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాంపేలో ఐదు పదాల చతురస్రం గోడమీద దొరికింది. అందులో ‘సాటర్’ అంటే విత్తేవాడు, తిప్పితే ‘రోటాస్’, అంటే చక్రాలను. కర్త్రర్థక ప్రత్యయమైన ‘టర్’ తిరగబడి ‘రోట్’ అనే ధాతుభాగమైంది. ద్వితీయా బహువచన ‘ఆస్’ తిరగబడి మరో పదానికి ఆది అయింది. కాని ‘ఒపెరా’ను తిప్పితే వచ్చే ‘అరెపొ’ లాటిన్‌లో మరెక్కడా కనబడని మాట. దాన్ని వ్యక్తినామంగా సరిపెట్టుకొన్నారు. ప్రత్యయం ఎదురుతిరిగినప్పుడు కవికి మిగిలే దారి సంజ్ఞానామమే.

మన దేశంలో విలోమం అనే మాట కావ్యంలో కంటే గణితంలో ముందే పారిభాషికమైంది. క్రీ. శ. 499 నాటి ఆర్యభటీయం గణితపాదంలోను, 1150 నాటి భాస్కరుని లీలావతిలోను విలోమవిధి ఉంది. ఒక సంఖ్యను 3 చేత గుణించి, 5 కలిపి, 2 చేత భాగిస్తే 10 వచ్చిందనుకొందాం. చివరి పనితో మొదలుపెట్టి 10ని 2 చేత గుణించాలి, 5 తీసివేయాలి, 3 చేత భాగించాలి; జవాబు 5. ఇక్కడ క్రమం తిరగడమే కాక ప్రతి క్రియా తన వ్యతిరేకంగా మారుతుంది. అక్షరాల ప్రతిలోమనంలో క్రమం మాత్రమే తిరుగుతుంది, అక్షరం మారదు. ఈ తేడాను విస్మరించరాదు. పావులూరి మల్లన తెలుగు చేసిన గణితానికి మూలమైన మహావీరాచార్యుని గణితసారసంగ్రహంలో 27994681ని 441 చేత గుణించే ఉదాహరణ ఉంది. ఫలితం 12345654321, ఒకటి నుంచి ఆరు దాకా పెరిగి మళ్లీ తరిగే సంఖ్య. స్థానబద్ధమైన అంకెల వరుసలోని సౌష్ఠవాన్ని మన గణితకారులు అలంకారంగా ఆస్వాదించారనడానికి ఇది నిదర్శనం.

ఈ రెండు ధారలూ ఒకే వ్యక్తిలో కలిసిన సందర్భం పదహారో శతాబ్దిలో ఉంది. గోదావరీ ప్రాంతంలోని పార్థపురానికి చెందిన దైవజ్ఞ సూర్యదాసు, సిద్ధాంతసుందరకర్త జ్ఞానరాజు కుమారుడు. అతడు భాస్కరుని బీజగణితానికి 1538లో సూర్యప్రకాశం అనే వ్యాఖ్యను, లీలావతికి 1541లో గణితామృతకూపిక అనే వ్యాఖ్యను రాశాడు. రామకృష్ణ విలోమకావ్యం రాసినవాడూ అతడే. అందులో శ్లోకం పూర్వార్ధం రామపరం. దాన్నే తిప్పగా వచ్చే ఉత్తరార్ధం కృష్ణపరం. తరువాతి శతాబ్దిలో వేంకటాధ్వరి రాఘవయాదవీయంలో శ్లోకాన్ని మొత్తంగా తిప్పి రెండో కథను రాబట్టాడు. సూర్యదాసు కృతి సూరనకు తెలుసని చెప్పే ఆధారం నాకు కనబడలేదు, ఆ వాదన ఇక్కడ అవసరం కూడా కాదు. గమనించవలసింది తేడాను. ఆ ఇద్దరూ సంస్కృతం నుంచి సంస్కృతానికే తిరిగారు. సూరన భాషనే మార్చాడు.

ఇక పద్యం. మొదట ఛందస్సు చూద్దాం. కందంలో అర్ధానికి ఎనిమిది చతుర్మాత్రా గణాలు: గగ, భ, జ, స, నల. తిప్పినప్పుడు భగణం సగణమవుతుంది, సగణం భగణమవుతుంది. గగ, జ, నల మారవు. మొదటి గణం ఎనిమిదోది, మూడోది ఆరోది అవుతుంది, బేసిస్థానం సరిస్థానమవుతుంది. బేసిగణం జగణం కారాదు. తిప్పిన పద్యంలోనూ ఈ నియమం నిలవాలంటే సరిస్థానాల్లోనూ జగణం ఉండరాదు. అంటే పద్యం మొత్తంలో జగణానికి చోటు లేదు. ఆరో గణం జ గాని నల గాని కావాలి కనుక అది నలమే కావాలి, దానితోపాటు మూడోది కూడా. అర్ధాంతంలో గురువు ఉండాలి కనుక మొదటి గణం గురువుతో ఆరంభం కావాలి. ఇవి కందలక్షణం నుంచి తర్కంతో రాబట్టిన షరతులు. సూరన పద్యాన్ని గణవిభజన చేసి చూస్తే పూర్వార్ధం భ, భ, నల, భ, గగ, నల, భ, గగ. ఉత్తరార్ధం భ, భ, నల, భ, నల, నల, భ, గగ. జగణం ఒక్కటీ లేదు. మూడు, ఆరు స్థానాలు రెండర్ధాల్లోనూ నలాలే. తిప్పితే ఏర్పడేది సంస్కృతంలో నిర్దుష్టమైన ఆర్యాగీతి.

పద్యంలో సంయుక్తాక్షరం, పూర్ణబిందువు, పొల్లు ఒక్కటీ లేకపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. సంయుక్తం తన ముందున్న లఘువును గురువు చేస్తుంది. తిప్పితే ఆ ప్రభావం మరో అక్షరంపైకి మారి మాత్రల లెక్క చెడుతుంది. సంయుక్తం లేనప్పుడే గురులఘుత్వం అక్షరం సొంత గుణమై ప్రతిలోమనానికి చెక్కుచెదరకుండా నిలుస్తుంది.

ఇప్పుడు ప్రత్యయాలు. ‘డు, ము, వు, లు’లలో ఒక్కటైనా ఈ పద్యంలో లేదు. ‘డు’తో, ‘వు’తో మొదలయ్యే సంస్కృత పదం దొరకడం కష్టమన్న సంగతి కవికి తెలిసే ఉండాలి. నామాలను సంబోధనలో నిలపడం వల్ల ‘డు’ సహజంగానే తొలగిపోయింది. స్తుతిపద్యం కావడం ఇక్కడ అందివచ్చిన వసతి. కనబడేవి ‘కి’, ‘గ’, ‘తో’, ‘న’, ‘కు’. ప్రతిదీ ఒకే అక్షరం, కాబట్టి తిప్పినా రూపం మారదు. వీటిలో ‘న’ సంస్కృతంలో నిషేధావ్యయం, ‘కు’ కుత్సితార్థంలో పదం ముందు చేరేది, ‘గ’ గవాది శబ్దాలకు, ‘కి’ కిరి, కిరణ, కిరీటాలకు ఆది. తెలుగులో పదాంతాన్ని సూచించే ధ్వనులు సంస్కృతంలో పదారంభానికి సరిపడే ధ్వనులైనాయి. పదాల సరిహద్దులు తిరిగిన వరుసలో అదే చోట ఉండనక్కరలేదు. ఆ స్వేచ్ఛ కవికి మిగిలింది.

వీటన్నిటిలోకి సూక్ష్మమైనది ద్రుతం. పై ఐదూ ద్రుతాంతాలే. పరుషం పరమైతే సరళాదేశం జరిగి పక్క పదం ఆకృతి మారుతుంది. సంశ్లేషమైతే సంయుక్తం పుడుతుంది. పొల్లుగా నిలిస్తే తిప్పడానికే వీలుండదు. సరళస్థిరాలు పరమైనప్పుడు ద్రుతానికి లోపం వైకల్పికమని బాలవ్యాకరణం (1858) సూత్రీకరించింది. ప్రయోగం అంతకు ఎంతో ముందుది. పద్యంలో ‘కి’ తరువాత సకారం, ‘గ’ తరువాత భకారం, ‘తో’ తరువాత నకారం, ‘న’ తరువాత మకారం ఉన్నాయి. నాలుగూ స్థిరాలే. అంటే నాలుగు చోట్లా లోపానికి శాస్త్రసమ్మతి ఉంది. ఐదోచోట, ‘కు’ తరువాత, అచ్చు పరమైంది. అక్కడ ద్రుతం ఆ అచ్చుతో కలిసి నిండు అక్షరంగా నిలిచింది. తిప్పినప్పుడు అది ‘ధీ’ పక్కన చేరి సంస్కృత నకారంగా సాగిపోతుంది. తెలుగుకు ఇంత ప్రత్యేకమైన వ్యాకరణాంశం మరో భాషలోకి ఇంత నిశ్శబ్దంగా ప్రవేశించిన సందర్భం నాకు వేరొకటి తెలియదు.

ప్రతిలోమనం నిలపలేనివి కూడా ఉన్నాయి. ముందుపఠనంలో నాలుగు పాదాల రెండో అక్షరం వకారమే, ప్రాస చక్కగా కుదిరింది. తిప్పితే రెండో స్థానంలో ధ, క, త, త వస్తాయి. పాదాలన్నీ గురువుతోనే మొదలు కావాలన్న నియమం ముందువైపు నెరవేరింది. తిరిగిన రెండో పాదం లఘువుతో మొదలవుతుంది. ప్రాస, పాదాదినియమం రెండూ పాదం ఆరంభం నుంచి లెక్కించేవి కావడమే కారణం. తెలుగు కందంగా చూస్తే తిరిగిన పద్యం దుష్టం. సంస్కృత ఆర్యాగీతికి ఈ రెండు నిర్బంధాలూ లేవు. వెనుకవైపు భాష సంస్కృతం కావడాన్ని పాండిత్యప్రదర్శనగా చెప్పుకోవడం పరిపాటి. ప్రత్యయస్థానం, ప్రాస, పాదాది – ఈ మూడూ వేరు వేరు దారుల్లో ఆ ఎంపికకే దారితీస్తున్నాయి.

దీనివల్ల పరిష్కర్తలకు ఒక ప్రయోజనం ఉంది. సాధారణ పద్యంలో ‘గ’కు బదులు ‘గన్’ అనో, ‘న’కు బదులు ‘ను’ అనో లేఖకుడు రాసినా, ముద్రాపకుడు దిద్దినా అర్థం పెద్దగా మారదు, తప్పు బయటపడదు. ఈ పద్యంలో ప్రతి అక్షరానికీ వెనుకవైపు నుంచి మరో సాక్షి ఉంది. పదవిభాగం సులభం కావాలని ‘మాకున్ అధీశా’ అని విడదీసి అచ్చువేస్తే ముందుపాఠం స్పష్టమవుతుంది, కాని వెనుకపాఠంలో ఒక అక్షరం పొల్లుగా మారిపోతుంది. ఇటువంటి పద్యాలను అచ్చువేసేటప్పుడు సంధిగత రూపాన్నే మూలంలో ఉంచి, విడదీసిన రూపాన్ని టీకలో ఇవ్వడం అవసరం.