శ్రుతి మార్చిన సర్క్యూట్లు

పాట శ్రుతి మార్చుకోవడం గాయకులకు క్షణం పని. అదే పనిని కంప్యూటర్లు రాకముందు ట్రాన్సిస్టర్లతో, కెపాసిటర్లతో చేయించడానికి ఇంజనీర్లు పడిన తంటాలు ఇన్నీ అన్నీ కావు.

చిక్కంతా లెక్కలో ఉంది. షడ్జమం సెకనుకు 240 కంపనాలైతే పంచమం 360. రెండింటికీ 60 కలిపితే 300, 420 అవుతాయి. ఒకటిన్నర ఉండవలసిన నిష్పత్తి 1.4కి దిగి పంచమం అపశ్రుతి పలుకుతుంది. హెచ్చవేయాలే గాని కూడకూడదు. జర్మనీలో పుట్టిన హెరాల్డ్ బోడె నిర్మించిన ఫ్రీక్వెన్సీ షిఫ్టర్ కూడే రకం. వింత ధ్వనులకు బాగుంటుంది, కీర్తనకు కొరగాదు.

రెట్టింపు, సగం మాత్రం తేలిక. తరంగంలో కిందికి దిగే భాగాన్ని డయోడ్లతో పైకి మడిస్తే పై స్థాయి వినిపిస్తుంది. 1967లో జిమీ హెండ్రిక్స్ గిటారుకు రోజర్ మేయర్ చేసిన ఆక్టేవియా ఇదే. రెండు కంపనాలను ఒకటిగా లెక్కించే ఫ్లిప్-ఫ్లాప్ కింది స్థాయినిస్తుంది. 1982లో వచ్చిన బాస్ ఓసీ-2 ఆ కోవలోదే. అయితే ఒకేసారి రెండు తీగలు మోగితే దాని లెక్క తప్పుతుంది. అందుకే గుత్తులుగా మీటే గిటారు కంటే, మన పాలకొల్లు శ్రీనివాస్ వాయించిన ఎలక్ట్రిక్ మాండొలిన్ లాంటి వాద్యానికే ఇది నప్పుతుందని నా అభిప్రాయం. ఆయన వాడారని కాదు సుమా! ఒక్క స్వరం గమకంతో జారితే, మంద్రమూ దాని వెంటే జారుతుంది.

ఆక్లండ్‌లోని మౌంట్ ఆల్బర్ట్‌లో, మా ఇంట్లో కావలసింది రెట్టింపూ కాదు, సగమూ కాదు. కీర్తిశేషులైన మా నాన్నగారి కీర్తనల క్యాసెట్టు రెండు శ్రుతిలో ఉంది. మా అమ్మాయి గొంతు అయిదు శ్రుతి. నిష్పత్తి నాలుగుకి మూడు. టేపు వేగం పెంచితే శ్రుతి కలుస్తుంది గానీ, నాలుగు నిమిషాల కీర్తన మూడు నిమిషాల్లో పరుగెత్తి ముగుస్తుంది. ఆ గొంతు నాన్నగారిదనిపించదు.

దీనికి దగ్గరగా వచ్చింది 1969లో ఫిలిప్స్ పరిశోధకులు వెలువరించిన బకెట్ బ్రిగేడ్. స్లాబు వేసేటప్పుడు కూలీలు తట్టలు చేతులు మార్చినట్టు, కెపాసిటర్లు ధ్వనిని ఒకదాని నుంచి మరొకదానికి అందిస్తాయి. అందించే వేగం పెంచుతూ పోతే ఆలస్యం తగ్గుతూ శ్రుతి పెరుగుతుంది. కానీ ఆలస్యాన్ని ఎంతకని తగ్గిస్తాం? అందుకే 1976 నాటి సీఈ-1 కోరస్ పెట్టెలో శ్రుతి పైకీ కిందికీ ఊగుతుందే తప్ప ఒకచోట నిలవదు. రెండు వరుసలను మార్చి మార్చి వాడవచ్చు గానీ, అతుకు వినబడుతుంది.

ఈలోగా 1975లో ఈవెంటైడ్ హెచ్910 ధ్వనిని అంకెలుగా మార్చి, రాసే వేగం వేరు, చదివే వేగం వేరు చేసింది. ఇప్పుడు ఆ పని మా ల్యాప్‌టాప్ చేస్తోంది. కీర్తన అయిదు శ్రుతిలో, అదే నాలుగు నిమిషాల్లో సాగుతుంది. నాన్నగారు స్వరాన్ని నిలిపిన చోట మాత్రం ఏదో కృత్రిమంగా తోస్తుంది. అక్కడికి రాగానే అమ్మాయి అసలు క్యాసెట్టు పెట్టమంటుంది.