మార్లవాయి ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం: ఒక చారిత్రక పరిశీలన

పేదవాని బిడ్డకు చదువు చెప్పడానికి ఎటువంటి ఉపాధ్యాయుడు కావాలన్న ప్రశ్న మన విద్యాచరిత్రలో పాతదే. 1882లో హంటర్ కమిషన్‌కు సమర్పించిన విజ్ఞాపనపత్రంలో జోతిరావు ఫూలే దీనికి సూటిగా సమాధానం చెప్పాడు. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు శిక్షణ పొందినవారై ఉండాలి. దానితోపాటు సేద్యం చేసుకొనే వర్గాలనుంచి వచ్చి, నాగలి మేడి పట్టడానికి సిగ్గుపడనివారై ఉండాలని ఆయన కోరాడు. ఏ శిక్షణ అన్నదానికన్నా ముందు, శిక్షణ ఎవరికి అన్నది తేల్చాలన్నదే ఈ వాదంలోని సారం. మద్రాసు ప్రభుత్వం పంచమ విద్యపై 1893లో జారీచేసిన ఉత్తర్వులో పంచమ ఉపాధ్యాయుల శిక్షణకు ప్రత్యేక ఏర్పాట్లు చేయదలచడం ఈ దిశలో ఒక అడుగు. అయితే ఆ మరుసటి ఏడు రాజమహేంద్రవరంలో ఏర్పడిన శిక్షణ కళాశాల వంటి సంస్థలు అప్పటికే చదువుకున్నవారిని తీసుకొని ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దాయి. అక్షరమే చేరని సమాజంనుంచి ఉపాధ్యాయుణ్ణి తయారుచేయడం వాటి ముందున్న సమస్య కాదు. ఆ సమస్య హైదరాబాదు సంస్థానంలో, ఆదిలాబాదు అడవుల్లో, 1943లో ఎదురైంది.

దాని నేపథ్యం విద్యకు సంబంధించినది కాదు. అడవులను రిజర్వు చేసే క్రమంలో గోండులు, కొలాములు తమ ఊళ్లనుంచి, పొలాలనుంచి తొలగింపబడ్డారు. తరతరాలుగా దున్నుకొంటున్న భూములు బయటినుంచి వచ్చినవారి పేర పట్టా అయ్యాయి. ఈ అసంతృప్తి కుమురం భీము నాయకత్వాన జోడేఘాట్ తిరుగుబాటుగా పెల్లుబికింది. 1940లో భీము పోలీసు కాల్పుల్లో మరణించాడు. తిరుగుబాటుకు మూలం కనుగొనే పనిని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. వియన్నాలో పుట్టిన ఆయన రెండవ ప్రపంచయుద్ధం వచ్చేసరికి బ్రిటిషు దృష్టిలో శత్రుదేశీయుడు. హైదరాబాదు సంస్థానానికి పరిమితమై ఉండవలసిన స్థితి ఆయనది. ఆ నిర్బంధమే లేకుంటే ఆదిలాబాదు విద్యాచరిత్ర మరోలా ఉండేదేమో!

ఉట్నూరు ప్రాంతంలోని మార్లవాయి గ్రామంలో గోండుల మధ్య నివసిస్తూ హైమన్‌డార్ఫ్ గ్రహించిన విషయం ఒకటుంది. గోండు తన భూమిని బలప్రయోగంవల్ల ఎంతగా కోల్పోయాడో, కాగితంవల్లా అంతగానే కోల్పోయాడు. పట్టా, రసీదు, నోటీసు, పట్వారీ లెక్క — అన్నీ అతనికి రాని భాషలో, అతను చదవలేని లిపిలో ఉండేవి. కాబట్టి మార్లవాయిలో బడి ఆలోచన అక్షరాస్యతా ప్రచారంగా పుట్టలేదు. భూమిని కాపాడుకొనే సాధనంగా పుట్టింది. ఆ తరువాతి కాలపు గిరిజన విద్యా పథకాలనుంచి దీన్ని వేరుచేసే అంశం ఇదే.

1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం ప్రారంభమైంది. గోండుల్లో కాస్తో కూస్తో చదవను వ్రాయను వచ్చినవారు వేళ్లమీద లెక్కింపదగినంత మందే. వారికి తెలిసినదీ మరాఠీయే. సిద్ధంగా ఉన్న బయటి ఉపాధ్యాయులను గోండు గూడేలకు పంపడం తేలికైన మార్గం. దాన్ని కాదని, గోండు యువకులనే చేర్చుకొని, అక్షరాన్నీ బోధనావిధానాన్నీ కలిపి నేర్పి, తిరిగి గోండు గ్రామాలకే పంపే మార్గాన్ని ఈ పథకం ఎంచుకొంది. శిక్షణార్థి నిన్న నేర్చుకొన్నదాన్ని రేపు నేర్పవలసినవాడు. శిక్షణ ప్రమాణాల దృష్టితో చూస్తే ఇది లోపంగా కనిపించవచ్చు. కాని పంటకాలంలో పిల్లవాడు బడికి ఎందుకు రాడో, దండారి రోజుల్లో గూడెం ఎక్కడ ఉంటుందో, తల్లిదండ్రులు ఏ భయంతో పిల్లవాణ్ణి బడికి పంపరో ఆ ఉపాధ్యాయునికి ఎవరూ బోధించనక్కరలేదు. ఏ శిక్షణ కళాశాలా తన పాఠ్యప్రణాళికతో ఇవ్వలేనిది ఆ జ్ఞానం.

బోధనకు గోండీలోనే వాచకాలు తయారయ్యాయి. లిపి విషయంలో దేవనాగరిని ఎంచుకొన్నారు. పశ్చిమ ఆదిలాబాదులో సంత భాష మరాఠీ. సరిహద్దుకు ఆవలి గోండులకు పరిచయమైన లిపి కూడా దేవనాగరే. గోండీకి సొంతలిపి లేదన్న నమ్మకం నాడు సర్వసామాన్యం. అదే ప్రాంతంలోని గుంజాలలో గోండీ లిపిలోని వ్రాతప్రతులు వెలుగులోకి రావడానికి మరో ఆరు దశాబ్దాలు పట్టింది. హైదరాబాదు సివిల్ సర్వీసుకు చెందిన సేతుమాధవరావు పగ్డి గోండీ నేర్చి, ఆ భాషకు వ్యాకరణం వ్రాయడం కూడా ఈ వాతావరణంలో జరిగిన పనే.

విద్యతోపాటే భూమి పంపిణీ సాగింది. ఆదిలాబాదు గిరిజనులకు లక్ష ఎకరాలకు మించి పట్టాలు దక్కాయి. శిక్షణ పొందిన గోండుల్లో కొందరు ఉపాధ్యాయులు కాగా, మరికొందరు పట్వారీలు, అటవీశాఖ చిరుద్యోగులు అయ్యారు. పట్టా పొందిన ఊళ్లోనే దాన్ని చదివి చెప్పగల మనిషి ఉండడం ఈ రెండు కార్యక్రమాలను ఒకదానికొకటి ఊతగా నిలిపింది. మార్లవాయి ప్రయోగానికి లభించిన విజయాన్ని మాతృభాషా బోధనకే ఆపాదించడం అందువల్ల సగం సత్యమే అవుతుంది. పిల్లవాని ఇంట తిండిగింజలు నిలిచే ఏర్పాటు జరుగుతూ ఉండగా బడి నడిచింది.

1956లో హైదరాబాదు రాష్ట్రం విడిపోయి ఆదిలాబాదు ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. మరాఠీ, ఉర్దూల స్థానాన్ని తెలుగు ఆక్రమించింది. భాషా ప్రాతిపదికపై రాష్ట్రం ఏర్పడడం తెలుగువారికి ఒక కల ఫలించడం. గోండు ఉపాధ్యాయునికి మాత్రం తాను కష్టపడి నేర్చిన లిపి ఒక్కసారిగా చెల్లని నాణెం కావడం. గోండీ వాచకాలు వాడుక తప్పాయి. గోండీ రాని ఉపాధ్యాయులు గూడేల బడులకు నియమితులయ్యారు. 1970 దశకం చివర తిరిగి వచ్చి పరిశీలించిన హైమన్‌డార్ఫ్ ఈ మార్పును, దానితోపాటే భూములు మళ్లీ చేజారడాన్ని, 1982లో వెలువరించిన తన గ్రంథంలో నమోదుచేశాడు. 1943లో లిపి ఎంపిక తప్పని ఇప్పుడనడం తేలిక. నాటి సరిహద్దులలో అది సమంజసమే. ఉపాధ్యాయుణ్ణి తయారుచేసిన రాజ్యం మారినప్పుడు అతని శిక్షణను కొత్త రాజ్యం లెక్కలోకి తీసుకోకపోవడమే అసలు లోపం.

మార్లవాయి సూత్రం తరువాత ముక్కలుగా తిరిగి వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయ పదవులు స్థానిక గిరిజనులకే చెందాలని 1986లో 275వ నంబరు ఉత్తర్వు, 2000 జనవరిలో 3వ నంబరు ఉత్తర్వు నిర్దేశించాయి. బయటి ఉపాధ్యాయులు బడికి రాకపోవడాన్నే ప్రభుత్వం కారణంగా చూపింది. స్థానికుడెవరో తేల్చడానికి 1950 జనవరి 26 నుంచి నివాసం కొలమానమైంది; పిల్లల భాష వచ్చునా రాదా అన్నది కొలమానం కాలేదు. 1976 సవరణ చట్టంతో తెలంగాణ లంబాడాలు కూడా షెడ్యూల్డు తెగల జాబితాలో చేరినందున, స్థానిక గిరిజన ఉపాధ్యాయుడు గోండీ ఎరిగినవాడే కానక్కరలేదు. భాష సంగతిని 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం విడిగా చేపట్టింది. గోండీ, కొలామీ సహా ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు వచ్చాయి. ఈసారి తెలుగు లిపిలో. నియామకపు ఉత్తర్వు సాంఘిక సంక్షేమశాఖది, వాచకం విద్యాశాఖది, పట్టా రెవెన్యూశాఖది. 1943లో ఒకే గ్రామంలో కలిసి నడిచిన మూడు పనులు మూడు కార్యాలయాలకు చేరాయి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, నూటికి నూరుపాళ్ల రిజర్వేషన్ చెల్లదంటూ 3వ నంబరు ఉత్తర్వును కొట్టివేసింది. దానితో గూడెం బడిలో ఉపాధ్యాయుడు ఎవరన్న ప్రశ్న తిరిగి 1943కు ముందున్న చోటికే వచ్చి నిలిచింది.