ఎన్నూరు ఉప్పుటేరున చమురు తెట్టు – పడవల నిరోధము

జలమార్గమున పడవలను నిలిపివేయుట తీరవాసులకు క్రొత్త విషయము కాదు. తుఫాను రానున్నదని తెలిసినపుడు రేవులయందు ప్రమాదసూచికలను ఎగురవేయుదురు. వరదవేళ కాలువల లాకులు మూయుదురు. చేపలు గ్రుడ్లుపెట్టు ఋతువున వేటను నిషేధింతురు. తూర్పుతీరమున ఈ నిషేధము 2015 తరువాత ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు అమలగుచున్నది. ఈ నిరోధములన్నిటికి ఆరంభమున్నట్లే అంతమును ఉన్నది. ఎన్నడు వల త్రాళ్లు సవరించుకొనవలెనో, ఎన్నడు పడవ నీటదింపవలెనో జాలరికి ముందే తెలియును. నీటిపై చమురు పరచుకొనినపుడు కలుగు నిరోధము ఇట్టిది కాదు. దానికి ఆరంభదినము కలదు గాని అంతదినము కానరాదు. 2010లో ముంబయి నౌకాశ్రయమునందును, 2017లోను 2023లోను చెన్నపట్టణమునకు ఉత్తరమున ఎన్నూరునందును జరిగిన సంఘటనలను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించినచో ఈ భేదము స్పష్టమగును. ఈ రెండు నగరములును తెలుగువారు తరతరములుగా స్థిరపడిన తావులగుటచే ఈ చరిత్ర వారికి పరాయిది కాదు.

ఎన్నూరు జలమార్గమునకు తెలుగునాటితోగల సంబంధము ప్రాచీనమైనది. ఎన్నూరువద్ద సముద్రమున కలియు నదిని తమిళులు కొసస్తలైయారనియు, తెలుగువారు కుశస్థలియనియు పిలుతురు. చిత్తూరు సీమకొండల నీటిని గొనివచ్చు నగరి నది దీనికి ఉపనది. ఈ నదీముఖమునందలి ఉప్పుటేరును ఉత్తరమున పులికాటు సరస్సుతోను, దక్షిణమున చెన్నపట్టణముతోను కలుపునది బకింగ్‌హాం కాలువ. 1806లో బేసిల్ కాక్రేన్ అను వర్తకుడు చెన్నపట్టణమునుండి ఎన్నూరు వరకు త్రవ్వించిన ఉప్పునీటి కాలువయే దీనికి మూలము. క్రమముగా అది ఉత్తరముగా నెల్లూరు తీరము వెంబడి సాగి, పెదగంజాము వద్ద కృష్ణా కాలువలతో కలిసినది. 1876–78 నాటి మహాక్షామమున కరవు పనిగా చెన్నపట్టణమున కూవము, అడయారు నదులను కలుపు భాగము త్రవ్వబడినది. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు 1878లో కాలువకు స్థిరపడినది. పెదగంజాము మొదలు మరక్కాణము వరకు దీని పొడవు సుమారు 420 కిలోమీటర్లు.

కృష్ణా మండలపు ధాన్యమును, శ్రీహరికోట వంటచెరకును, తీరపు ఉప్పును పడవలు ఈ కాలువ వెంట చెన్నపట్టణమునకు చేరవేసెడివి. గాలి అనుకూలించినపుడు తెరచాప, లేనపుడు గెడయు త్రాడును వీనికి ఆధారములు. చెన్నపట్టణపు ఉత్తర పేటలయందు తెలుగుపలుకు నిలిచియుండుటకు ఈ నీటిత్రోవయు ఒక కారణము. ఎన్నూరునకు పొరుగుననున్న తిరువొత్తియూరున వెలసిన త్రిపురసుందరిపై త్యాగరాజస్వామి రచించిన అయిదు కీర్తనలు ఆ ఊరి పేరను పంచరత్నములుగా ప్రసిద్ధములు. రైళ్లు, రహదారులు వృద్ధినొందుటచేతను, 1965, 1966 సంవత్సరముల తుఫానుల వలన కట్టలు చెడుటచేతను పడవల రాకపోకలు సన్నగిల్లినవి. 2008లో ఈ కాలువ నాలుగవ జాతీయ జలమార్గమున చేర్పబడినను చెన్నపట్టణ ప్రాంతమున పడవలు తిరిగి రాలేదు. పడవలు విడిచిన కాలువ మురుగునీటికిని, కర్మాగారముల వ్యర్థజలమునకును త్రోవయైనది. తరువాతి కథకు ఇది ముఖ్యమైన పీఠిక.

చమురు తేలుచున్న నీటిపై పడవలను ఏల ఆపవలెనో మొదట తెలిసికొనవలెను. తెట్టును ఒకచోట నిలుపుటకు బూమ్ అను తేలెడి అడ్డుకట్టను నీటిపై పరతురు. దాని పైభాగము తేలుచుండగా క్రిందిభాగము తెరవలె నీటిలో వ్రేలాడును. అడ్డముగా వచ్చు ప్రవాహవేగము ముప్పాతిక నాటు మించినచో చమురు ఆ తెర క్రిందుగా జారిపోవును. యంత్రపు పడవ వేగముగా పోయినపుడు లేచిన అలయు ఇట్టి నష్టమునే చేయును. పడవ వెనుకభాగమున నీటిలో తిరుగు చక్రము చమురును నీటితో చిలికి, గోధుమవన్నె గల చిక్కని ముద్దగా మార్చును. ఆ ముద్ద పరిమాణమున పెద్దదగును, పంపులకు లొంగదు. పడవ అడుగుకు అంటిన చమురు ఆ పడవ పోయినచోటికెల్ల పోవును. అడ్డుకట్టను దాటు పడవ దానిని కోసివేయవచ్చును. తేలిక చమురైనచో ఆవిరికి నిప్పంటుకొను భయమును ఉన్నది. కావున తెట్టు తీయువరకు మార్గమును మూయుట అధికారుల దర్పము కాదు, పనికి అవసరమైన నియమము. చూడవలసినదెల్ల ఆ నియమము ఎవరికి వ్రాతపూర్వకముగా వర్తించినది, ఎవరిపై మాటలేకయే పడినది అనునదే.

2010 ఆగస్టు 7వ తేదీ ఉదయము ముంబయి నౌకాశ్రయపు ముఖమున జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవునుండి బయలువెడలుచున్న ఎం.ఎస్.సి. చిత్రా అను ఓడయు, ముంబయి రేవునకు వచ్చుచున్న ఖలీజియా అను ఓడయు ఢీకొనినవి. చిత్రా ఓడపై 1,219 సరకుపెట్టెలును, 2,662 టన్నుల ఇంధనచమురును ఉండెను. ఓడ ఒకప్రక్కకు ఒరిగిపోయి వందలకొలది పెట్టెలు సముద్రమున పడినవి. వానిలో కొన్నింట క్రిమిసంహారక మందులుండెను. సుమారు 800 టన్నుల చమురు కారెనని అంచనా వేయబడినది. రెండు ఓడరేవుల రాకపోకలును నిలిపివేయబడినవి. ఇచట భయము రెండు విధములది. ఒకటి చమురు, రెండవది కంటికి కానరాక నీటిలో మునిగియున్న ఇనుపపెట్టెలు. నౌకాదళము మార్గపుటడుగును యంత్రములతో శోధించినది. తీరరక్షకదళము ఓడలతోను, హెలికాప్టరులతోను చమురును విరుగగొట్టు ద్రావకమును చల్లినది. వారము తిరుగకమునుపే పగటివేళల, జాగ్రత్త నిబంధనలతో, ఓడల నడక తిరిగి మొదలైనది. దేశపు వాణిజ్యమునకు ప్రధానద్వారములగు రెండు రేవులు ఊరకుండుట భరింపరానిది గనుక మార్గమును తెరచుటకు సమస్తయంత్రాంగమును కదలినది.

చిన్నపడవల సంగతి వేరు. కోలీ జాలరులు నారళీ పూర్ణిమనాడు సముద్రునికి టెంకాయ సమర్పించి వేటకు వెడలుట ఆచారము. ఆ సంవత్సరము ఆ పండుగ ఆగస్టు 24న వచ్చినది. పండుగకు పదునేడు దినముల ముందు చమురు పడినది. ఉరణ్, అలీబాగు, ఎలిఫెంటా తీరములును, వాషీ మడ అడవులును నల్లబడినవి. చేపలు తినవద్దను హెచ్చరిక నగరమున వ్యాపించినది. ఓడల మార్గమును తెరచినట్లు ప్రకటన వెలువడినది గాని, చేప తినవచ్చునను నమ్మకమును తెరచు ప్రకటన ఏ కార్యాలయమును చేయజాలదు.  తెలంగాణమునుండి వలసవచ్చి ఆ నగరపు కట్టడములకు కూలీలై, మేస్త్రీలై, తమ పేరు కామాఠీపురమునకు ఇచ్చిన కుటుంబములవారికి పనినిలిచిన దినమన నేమియో బాగుగ తెలియును. రోజుకూలివానికి సెలవుదినము పస్తుదినమే.

2017 జనవరి 28వ తేదీ వేకువజామున ఎన్నూరు కామరాజర్ ఓడరేవు వెలుపల బి.డబ్ల్యు. మేపుల్, డాన్ కాంచీపురం అను రెండు ఓడలు ఢీకొనినవి. తొలుత చమురు కారలేదని ప్రకటింపబడినది. ఆ మాట వెలువడిన కొలదికాలమునకే ఎర్ణావూరు ఒడ్డున రాళ్లకట్టల నడుమ నల్లని చిక్కని ముద్ద పేరుకొనినది. పంపులు దానిని పీల్చలేకపోయినవి. తీరరక్షకదళమువారు, విద్యార్థులు, జాలరులు బకెట్లతో చేతికి చేయి అందించుకొని దానిని ఎత్తిపోసిరి. ప్రపంచమున పెద్ద రేవులను కట్టజాలిన యుగమున చమురును బకెట్లతో తోడవలసివచ్చెనని నాడు పలువురు విస్తుపోయిరి. ఆ దినములలో పడవలను వేటకు పోనీయకుండ ఆపినది ఆజ్ఞాపత్రము కంటె అంగడి. కాసిమేడు రేవున చేపలను కొనువారు తగ్గిపోయిరి. అమ్ముడుపోని చేపకై నూనె పోసి పడవ నడుపువాడెవడు? రాయపురము, చాకలిపేట, తిరువొత్తియూరు తెలుగు కుటుంబములు నిత్యము చేపకొను అంగళ్లును ఇవియే. చమురు భయము జాలరి వాకిటినుండి వారి వంటింటిదాక వచ్చినది.

మూడవ సంఘటన కాలువ వెంటనే వచ్చినది. 2023 డిసెంబరు 3, 4 తేదీలలో మిచాంగ్ తుఫాను చెన్నపట్టణమును ముంచెత్తి, 5వ తేదీన బాపట్లవద్ద తీరము దాటినది. వరదనీటితోపాటు మణలి పారిశ్రామికప్రాంతమునుండి చమురు బకింగ్‌హాం కాలువలో పడి ఎన్నూరు ఉప్పుటేరును చేరినది. అది మణలియందలి చమురుశుద్ధి కర్మాగారపు ఆవరణనుండి వచ్చినదని తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి నిర్ణయించినది. జాతీయ హరిత న్యాయస్థానపు దక్షిణ విభాగము తనంతట తానే విచారణ చేపట్టినది. కాట్టుక్కుప్పం, నెట్టుకుప్పం, తాళంకుప్పం మొదలగు పల్లెల పడవలు, వలలు నల్లబడినవి. మడచెట్ల మొదళ్లకు చమురు పూతపెట్టినట్లు అంటుకొనినది. ఒడ్డున నిలిపిన పడవను నీటదింపినచో దానికంటిన చమురు వలకు, వలనుండి చేపకు అంటును. వేట నిలిచిపోయినది.

అంతట ఒక విపరీతము జరిగినది. పెద్ద ఓడలు పోలేని లోతులేని నీటిలో, మడచెట్ల నడుమ, చమురును తీయుటకు తగిన సాధనము జాలరి చిన్నపడవయే యని తేలినది. వేటకు పోరాదని ఒడ్డునబెట్టిన పడవయే శుద్ధిపనికి కూలికి పిలువబడినది. తెట్టును తమ పడవలోనికి మగ్గులతోను బకెట్లతోను తోడినవారు ఆ జాలరులే. మొదటి దినములలో వారిలో అనేకులకు చేతితొడుగులు, ముఖముసుగులు లేవు. మార్గము ఎవరికి మూయబడెనో వారే దానిని తెరచిరి. తరువాత తమిళనాడు ప్రభుత్వము సహాయము ప్రకటించినది. 2,301 జాలరి కుటుంబములకు 12,500 రూపాయల చొప్పునను, 6,700 కుటుంబములకు 7,500 రూపాయల చొప్పునను, 787 పడవల మరమ్మతునకు 10,000 రూపాయల చొప్పునను ఇచ్చుటకు నిర్ణయమైనది. ఈ మూటిని కూడిన మొత్తము సుమారు 8 కోట్ల 68 లక్షలు. ఇది అల్పము కాదు. కాని ఈ లెక్కను చూచినపుడు ఒక ప్రశ్న మిగులును. ఈ మొత్తము ఎన్ని దినముల వేటకు బదులు?

ఈ ప్రశ్నకు సమాధానము లేకుండుటయే ఈ చరిత్రయందలి సారము. ఋతునిషేధము 61 దినములదని చట్టము చెప్పును గనుక దానికి భృతిని లెక్కింపవచ్చును. ముంబయిలో ఓడల నిలుపుదలకు దినములు కలవు, దినమునకింతయని నష్టమును లెక్కించు ఖాతాలును కలవు. ఎన్నూరు జాలరి నిలుపుదలకు తుదిదినము లేదు. నీటిపై తెట్టు పోయినను ఉప్పుటేరు బురదయందు చమురు మిగిలియుండును. కొనువాని మనస్సున సంశయము అంతకంటె దీర్ఘకాలముండును. కొలతకు అందని నష్టమునకు పరిహారము దయాదానముగా మారును, హక్కుగా నిలువదు.

దీనికి మరియొక కారణమును ఉన్నది. 1996 నుండి అమలునందున్న జాతీయ చమురువిపత్తు ప్రణాళికలో సముద్రము తీరరక్షకదళమునకును, రేవుపరిధి ఓడరేవులవారికిని, ఒడ్డు రాష్ట్రప్రభుత్వమునకును బాధ్యతలుగా పంచబడినవి. ఓడనుండి కారిన చమురునకు ఈ పంపకము చక్కగా సరిపోవును. భూమిమీది కర్మాగారమునుండి కాలువలో పడి, ఉప్పుటేరు దాటి, సముద్రమునకు పోవు చమురు ఈ మూడు సరిహద్దులను ఒకేవేళ దాటును. ఆ కాలువపై లాకువద్ద పడవలను లెక్కించు ఉద్యోగి గాని, నీటివన్నె మారినదని చెప్పు సరంగు గాని లేడు. పడవలు నడచినదినములలో కాలువను నిత్యము చూచు కన్నులుండెడివి. పడవలు పోయిన వెనుక కాలువకు కావలివారు లేకపోయిరి. చమురు వచ్చినదని మొదట మొరపెట్టినవారు కాలువ చివర వేటాడు జాలరులు. అప్పటికది ఉప్పుటేరును నిండియుండెను.

కావున చమురు శుద్ధివేళ పడవలను నిలుపు ఆజ్ఞలో మూడంశములు ఉండుట న్యాయము. నిరోధము ఏనాడు మొదలైనదో వ్రాయవలెను. నీటిని, బురదను, చేపను పరీక్షించి ఏ ప్రమాణమునకు వచ్చినపుడు తొలగునో ముందే ప్రకటింపవలెను. నడుమ నడచిన ప్రతిదినమునకు భృతి కట్టవలెను. శుద్ధికి పిలిచిన పడవకు కూలియు, నడుపువాని ఒంటికి రక్షణయు వేరుగా ఉండవలెను. ఓడలకు లభించిన లెక్క పడవలకును లభింపవలెననుట అధికమైన కోరిక కాదు.

కృష్ణా తీరపు ధాన్యమును చెన్నపట్టణపు తెలుగువారికి చేర్చిన నీటిత్రోవయే 2023లో చమురును ఎన్నూరు తమిళ జాలరుల వాకిటికి చేర్చినది. ఒకే కాలువ గట్టున ఉత్తరమున తెలుగుపల్లెలు, దక్షిణమున తమిళ కుప్పములు ఉన్నవి. పులికాటు సరస్సు రెండు రాష్ట్రములకును ఉమ్మడిది. నీటికి రాష్ట్రముల ఎల్లలు లేనట్లే దాని కష్టమునకును లేవు. బకింగ్‌హాం కాలువను తమ పూర్వుల త్రోవగా తలచు తెలుగువారు నేటి దాని నీటిని గూర్చియు విచారించుట ఆ పూర్వుల ఋణము తీర్చుకొనుటయే యగును.