నానమ్మ మాటల్లో ఉన్న కథలు

పిల్లలు ఎదుగుతుంటే వాళ్లకి కథలు చదివి వినిపించడం మానేస్తాం. చదవడం వచ్చేసింది కదా, వాళ్లే చదువుకుంటారులే అనుకుంటాం. మా ఇంట్లో మాత్రం ఆ పని పెద్దాడికి పన్నెండు దాటాకే మొదలైంది. కారణం చెబితే నవ్వకండి. వాడిప్పుడు తొమ్మిదో తరగతి, పాప ఏడు. ఇంగ్లీషు నవల చేతికిస్తే ఇద్దరూ గంటలో పాతిక పేజీలు తిప్పేస్తారు. తెలుగు పేజీ ఇస్తే మాత్రం వత్తు వత్తుకీ ఆగిపోతారు. చదవలేకపోతే పోనీ, చెవులున్నాయిగా, వింటారు అనుకున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది, అసలుది అదే. మా అత్తయ్యది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. మామయ్యకి షిప్‌యార్డులో పని దొరికాక మల్కాపురం వచ్చారు. నలభై ఏళ్లు దాటినా ఆవిడ మాట మారలేదు. "ఏటర్రా", "ఎక్కడికెల్తన్నారు", "నానొగ్గను" అనే అంటారు. మా అబ్బాయి సినిమాల్లో కమెడియన్‌లా ఆవిడ యాసని ఆవిడ ముందే అనుకరించేవాడు. ఆవిడా నవ్వేసేవారు. పాపకి మాత్రం అది నవ్వులాట కాదు, నామర్దా. స్కూలు మీటింగ్‌కి "నానమ్మని తీసుకురాకమ్మా" అంది ఒకరోజు. ఆ మాట అత్తయ్య చెవిన పడింది. ఏమీ అనలేదు. ఆ తర్వాత పాప స్నేహితులు ఎవరైనా ఇంటికొస్తే ఆవిడ వంటింట్లోంచి బయటికి రావడం మానేశారు.

అందుకని కథలు వెతికేటప్పుడు నేను మన చుట్టుపక్కల నుంచే మొదలుపెట్టాను. మొదలుపెట్టాక తెలిసింది, తెలుగు కథ చరిత్రలో చాలా భాగం మన విజయనగరం, విశాఖ, శ్రీకాకుళం మధ్యనే తిరుగుతుందని.

అసలు ఇలా గట్టిగా చదివితే అర్థమయ్యే తెలుగు పుస్తకాల్లోకి రావడమే పెద్ద గొడవతో వచ్చింది. వందేళ్ల కిందట బడిలో పిల్లలు రాయాల్సిన తెలుగు వేరు, ఇంట్లో మాట్లాడే తెలుగు వేరు. 1906 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర మన జిల్లాల్లో బడుల ఇన్‌స్పెక్టరుగా ఉండేవాడు. మనుషులు మాట్లాడేదొకటి, పుస్తకాల్లో ఉండేదొకటి, ఇదేమిటని ఆయనకి సందేహం వచ్చింది. విశాఖ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఈ సంగతి చెప్పగలవాళ్లు ఇద్దరున్నారు, విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు అన్నారట. అక్కణ్ణుంచి మొదలైంది వ్యావహారిక భాషా ఉద్యమం. గిడుగు రామమూర్తి గారు అప్పటికే సవరల భాష నేర్చుకుని వాళ్ల పిల్లల చదువు కోసం పనిచేస్తున్న మనిషి. ఎవరి మాటా తక్కువది కాదన్న నమ్మకం ఆయనకి కొండల మీద కుదిరి ఉంటుందని నాకు అనిపిస్తుంది. ఏటా ఆగస్టు 29న స్కూళ్లలో తెలుగు భాషా దినోత్సవం చేస్తారు కదా, అది ఆయన పుట్టినరోజే. మా పాప ఆ రోజు స్టేజీ ఎక్కి పద్యం చదివి బహుమతి కూడా తెచ్చుకుంది! ఎవరి పుట్టినరోజో మాత్రం తనకి తెలియదు.

మొదటి కథగా గురజాడ 'దిద్దుబాటు' తీసుకున్నాను. 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది. తీసుకునే ముందు రెండు రోజులు ఆలోచించాను. అందులో గోపాలరావు సానిపాటలకి తిరిగే భర్త. ఆ మాటకి అర్థం పన్నెండేళ్ల పిల్లకి ఎలా చెప్పాలి? చివరికి దాచకుండా, సాగదీయకుండా రెండు వాక్యాల్లో చెప్పాను. పాప తలూపి "ఊఁ, తర్వాత?" అంది. మనం భయపడినంతగా పిల్లలు అక్కడ ఆగరు.

వాళ్లు ఆగింది వేరే చోట. రాత్రివేళ గోపాలరావు ఇంటికొస్తాడు, భార్య కమలిని కనపడదు, నౌకరు రాముణ్ణి నిలదీస్తాడు. ఆ రాముడి మాటలు చదువుతుంటే పాప నన్ను ఆపి, "వీడు నానమ్మలా మాట్లాడుతున్నాడేంటి?" అంది. నూట పదేళ్ల నాటి పుస్తకంలో నానమ్మ మాట ఎలా ఉంటుందని దాని ఆశ్చర్యం. గదిలో దుప్పట్లు మడతపెడుతున్న అత్తయ్య కూడా చెయ్యి ఆపి విన్నారు. కథ ముగింపు మీద మాత్రం పాపకి కోపం. కమలిని నిజంగానే పుట్టింటికి వెళ్లి ఒక నెల ఉండాల్సింది, మంచం కింద దాక్కుంటే ఆయన ఏం మారతాడు అంటుంది. నాకూ కొంచెం అలాగే అనిపిస్తుంది.

మరి మొదటి తెలుగు కథ 'దిద్దుబాటే'నా? చాలాకాలం అలాగే చెప్పేవారు. దానికి ఎనిమిదేళ్ల ముందే, 1902లో, భండారు అచ్చమాంబ గారి 'ధన త్రయోదశి' హిందూ సుందరి అనే ఆడవాళ్ల పత్రికలో అచ్చయింది. ఆవిడ కొమర్రాజు లక్ష్మణరావు గారి అక్క. బడికి వెళ్లకుండా, తమ్ముడి చదువు పక్కన కూర్చుని చదువు నేర్చుకున్నారు. బిడ్డల్ని పోగొట్టుకుని, ముప్పై ఏళ్లు దాటగానే 1905లో తానూ పోయారు. కథ చిన్నది. డబ్బుకి కటకటలాడే ఇంట్లో భర్త పండగ కోసం యజమాని సొమ్ముకి ఆశపడితే భార్య అడ్డుపడుతుంది. భాష కొంచెం బరువు. అందుకని ఇది చదవలేదు, నా మాటల్లో చెప్పాను. ఏది ముందు, ఏది తర్వాత అన్న తగువులో నాకు ఆసక్తి లేదు కానీ, తమ్ముడి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్న మనిషి పేరు పిల్లలకి తెలియాలి అనుకున్నాను.

మా ఇంట్లో అందరినీ నిజంగా పట్టుకున్నది చాసో. విజయనగరం చాగంటి సోమయాజులు గారు. ఆయన కథ ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, రాత్రి అన్నాలయ్యాక పడుకునేలోపు సరిగ్గా సరిపోతుంది. 'ఎందుకు పారేస్తాను నాన్నా' చదివాను. తండ్రికి ఫీజు కట్టే స్తోమత లేక కొడుకు చదువు మాన్పించేస్తాడు. చుట్టలు తెమ్మని పంపిస్తే ఆ దారి బడి మీదుగానే ఉంటుంది. తోటిపిల్లలు చూస్తారని వాడి బాధ. కథ పేరు ఆ పిల్లాడు తండ్రితో అనే మాటే. చివరికొచ్చేసరికి నా గొంతు పట్టేసింది. మా పెద్దాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇంతలో అత్తయ్య, "మీ తాతకీ అంతే. ఐదుతో ఆపేసినారు. బుగతోరి పశువుల కాడికి అంపేసినారు" అన్నారు. ముప్పై ఏళ్లు షిప్‌యార్డులో పనిచేసిన తాతయ్య ఐదో తరగతే చదివారని మా పిల్లలకి ఆ రాత్రి వరకూ తెలియదు. బుగత అంటే ఏంటని అడిగారు. భూస్వామి అని నేను చెప్పబోతే, ఆవిడ అరగంట చెప్పారు. కంబారివాడంటే ఎవరు, ఏడాదికి ఎన్ని కుంచాలు, పండక్కి ఏమిచ్చేవారు, అన్నీను.

మర్నాడు 'కుంకుడాకు' చదవమని వాళ్లే అడిగారు. ఒకే ఈడు ఆడపిల్లలు ఇద్దరు, ఒకతె బడికి పోతుంది, ఇంకొకతె పొయ్యిలోకి ఆకులు ఏరుకుంటుంది. అది చదివాక ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

చదివేవాళ్లు ఒకరు, వినేవాళ్లు పదిమంది, ఇది కొత్తదేం కాదు లెండి. మన ఊళ్లలో అరుగుల మీద పురాణం చెప్పించుకునేవాళ్లు. క్యూబా దేశంలో అయితే 1865 నుంచీ చుట్టల ఫ్యాక్టరీల్లో పనివాళ్లు చందాలేసుకుని ఒక మనిషిని పెట్టుకునేవారట. వాళ్లు చుట్టలు చుడుతుంటే ఆయన ఎత్తు బల్ల మీద కూర్చుని పేపర్లూ నవలలూ చదివి వినిపించాలి. చాసో చుట్టల కథ తర్వాత ఈ సంగతి చెబితే మా వాడికి భలే నచ్చింది, తనకీ అలాంటి ఉద్యోగం కావాలన్నాడు.

రావిశాస్త్రి గారి దగ్గర మాత్రం నా వల్ల కాలేదు. ఆయన విశాఖ కోర్టుల్లో ప్లీడరు, అనకాపల్లి దగ్గర తుమ్మపాలలో పుట్టారు. మద్యనిషేధం ఉన్న రోజుల్లో పోలీసులూ కోర్టులూ బీదవాళ్లతో ఎలా ఆడుకున్నాయో 'ఆరు సారా కథలు'లో రాశారు. పెద్దాడి కోసం అందులో 'మాయ' తీశాను. ముత్యాలమ్మ మాటలు నేను చదువుతుంటే రేడియో వార్తల్లా ఉన్నాయి. నాది కృష్ణా జిల్లా, ఆ ఊపు నా నోటికి రాదు. "ఇలాగియ్యి" అని అత్తయ్య పుస్తకం అందుకున్నారు. ఆవిడ చదువు అంతంతమాత్రం, కూడబలుక్కుంటూ చదివారు. రెండు పేజీల తర్వాత కూడబలుక్కోవడం పోయింది, ముత్యాలమ్మ వచ్చి మా హాల్లో కూర్చుంది. అనుకరించే మా వాడు నోరు తెరుచుకుని వింటున్నాడు. ఇప్పుడు వాడు ఆ మాటలు పలికితే ఆవిడే సరిదిద్దుతున్నారు, "అలాక్కాదు, దీర్ఘం తియ్యాల" అని.

అన్నీ మనవైపువే చదవాలని పంతమేం లేదు. శ్రీపాద వారి 'వడ్లగింజలు' గోదావరి కథ. చదరంగం గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అంటూ గింజలు రెట్టింపు చేసుకుంటూ పోయే లెక్క అందులో ఉంది. అరవై నాలుగు గళ్లకి మొత్తం ఎంతో మా వాడు వేశాడు: 1,84,46,74,40,73,70,95,51,615. వెయ్యి గింజలకి పాతిక గ్రాములు వేసుకున్నా, ప్రపంచమంతా ఇప్పుడు పండించే ధాన్యం ఐదారు వందల ఏళ్లు పోగుచేయాలి. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' చదివింది ఒక ముసురు రోజున. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పోటీలో ప్రపంచ కథల్లో రెండో బహుమతి వచ్చిందని చెబితే పెద్దగా కదల్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టిన రోజు మన ఇంటి తలుపుని నాన్నా నేనూ బీరువా అడ్డం పెట్టి పట్టుకున్నామని చెబితే దగ్గరికి జరిగారు.

పక్కన పెట్టినవీ ఉన్నాయి. కారా మాస్టారు విశాఖ సెయింట్ ఆంథోనీస్ హైస్కూల్లో 1948 నుంచి ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి. 1964 నాటి ఆయన 'యజ్ఞం' గొప్ప కథే, కానీ పొడుగు, ఆ ముగింపు పడుకోబోయే పాపకి వద్దు. ఇంకో మూడేళ్లు ఆగుతాను. 'జీవధార' మాత్రం చదివాను. బస్తీ ఆడవాళ్లు బంగళా వాళ్ల కుళాయి దగ్గరికి నీళ్లకి వెళ్లే కథ. మా వీధిలో బిందెల వరసలో నిలబడిన అనుభవం అత్తయ్యకి ఎంత ఉందో, కథకి రెండింతలు అయింది ఆ రాత్రి.

ఆ మాస్టారే 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు, తెలుగు కథలన్నీ ఒక్కచోట ఉండాలని. ఈ వేసవికి అక్కడికి వెళ్దామనుకుంటున్నాం. అచ్చమాంబ గారి కథ అక్కడ చూడాలని పాప, దారిలో తన ఊరు దింపమని అత్తయ్య. ఈలోగా బలివాడ కాంతారావు గారి కథల పుస్తకం తెచ్చాను. ఆయన నేవీలో పనిచేశారనగానే, డాక్‌యార్డు గేటు పక్కనే పెరుగుతున్న మా వాడు మొదటిసారి పుస్తకం తనే తీసుకుని అట్ట మీద పేరు కూడబలుక్కున్నాడు.